పసిబిడ్డ ఒంటి మీది సువాసన: సబ్బు నుంచి సాంబ్రాణి దాకా ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

మా అమ్మాయికి నాలుగో నెల. మే నెల, మిర్యాలగూడ ఎండ. మెడ మడతలో ఎర్రని గీత కనిపించింది. చెమటకాయలని అత్తమ్మ పౌడరు చల్లారు. మర్నాటికి ఎరుపు చెవుల వెనక్కి పాకింది. ఇంకాస్త పౌడరు చల్లి, పైన లోషన్ రాశాం. నాలుగో రోజుకు చర్మం పగిలి నీరు కారసాగింది. పిల్లల డాక్టరు గారు చీటీ రాసే ముందు ఒక మాట అడిగారు: "బిడ్డ ఒంటికి తగిలే ప్రతి వస్తువునూ రేపు సంచిలో వేసుకొని రండి."

సబ్బు, నూనె, పౌడరు, లోషన్, తడి తుడుపు కాగితాలు, నలుగుపిండి, సాంబ్రాణి, బట్టలు ఉతికే ద్రవం, నా తలనూనె. మొత్తం తొమ్మిది తేలాయి. ఆయన ఒక్కొక్క మూత తీసి వాసన చూశారు. "ఈ తొమ్మిది వాసనల్లో బిడ్డకు పనికివచ్చేది ఏది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. సువాసన చర్మాన్ని శుభ్రం చేయదు, మెత్తబరచదు, చెమటకాయలను తగ్గించదు. ఎత్తుకున్నప్పుడు బాగుంటుందని పెద్దవాళ్లం కోరుకొనేది మాత్రమే అది. ఆ రోజు మొదలు నేను నేర్చుకొన్నదంతా, మీరు ఇంట్లో ఒక్కొక్కటిగా చేసుకోగలిగేలా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని: అన్నీ చాప మీద పరవండి

బిడ్డ పేరుతో కొన్నవి మాత్రమే తెస్తే లెక్క తప్పుతుంది. బిడ్డ చెంప రోజంతా ఆనేది మీ మెడకు, మీ భుజానికి. కాబట్టి మీరు రాసుకొనే పౌడరు, తలనూనె, మీ ఇంట్లో మగవాళ్లు చొక్కా మీద కొట్టుకొనే సెంటు, నాయనమ్మ నుదుటికి రాసుకొనే నొప్పుల బామ్ కూడా తేవాలి. బట్టలకు వాడే సబ్బుపొడి, చివరి నీళ్లలో కలిపే సువాసన ద్రవం, దోమల కోసం వెలిగించేవి, బీరువాలో వేసేవి కూడా లెక్కలోకే వస్తాయి. ఆసుపత్రిలో ప్రసవమైనప్పుడు ఇచ్చిన కిట్ ఇంకా మిగిలి ఉంటే దాన్నీ తెరవండి. మన తెలంగాణలో 2017 నుంచి సర్కారు దవాఖానాల్లో బాలింతలకు ఇచ్చిన కిట్‌లో సబ్బు, నూనె, పౌడరు ఉండేవి. ఎక్కడి నుంచి వచ్చిందన్నది పక్కన పెట్టి, ప్రతిదాని మీది చీటీ (లేబుల్) చదవాలి.

రెండో పని: పసి చర్మం ఎందుకు వేరో తెలుసుకోండి

చర్మం పైపొర మనకు గోడ లాంటిది. పసిపిల్లల్లో ఆ పొర పెద్దవాళ్ల కంటే సుమారు 30 శాతం పలుచన. పైగా బరువుతో పోల్చి చూస్తే అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటి వైశాల్యం మనకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మనం అరచేతిలో ఇంత లోషన్ వేసుకొని బిడ్డ ఒళ్లంతా రాసినప్పుడు, కిలోకు ఇంత అని లెక్కగడితే మనకంటే బిడ్డకు చాలా ఎక్కువ అందుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ గోడ ఇంకా బలహీనం.

వాసన పదార్థాలు రెండు రకాలుగా ఇబ్బంది పెడతాయి. మొదటిది మంట: తగిలిన చోట ఎర్రబడుతుంది, ఆపితే తగ్గుతుంది. రెండోది అలర్జీ. ఇది నెమ్మదిగా వస్తుంది. శరీరం ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవడానికి పది రోజులో, నెలలో, కొన్నిసార్లు ఏళ్లో పడుతుంది. ఒకసారి గుర్తుపెట్టుకొన్నాక సాధారణంగా జీవితాంతం మరచిపోదు. అప్పటి నుంచి తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు రోజుల తరువాత దురద, పొక్కులు. "మూడు నెలలుగా ఇదే వాడుతున్నాం, దీని వల్ల ఎలా వస్తుంది?" అని మనం అడిగే ప్రశ్నకు జవాబు ఇదే. మూడు నెలలు వాడటం వల్లనే రావచ్చు. యూరప్‌లో సాధారణ జనంలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఏదో ఒక సువాసనకు అలర్జీ ఉందని అంచనా. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న బిడ్డకు గోడ ముందే పగిలి ఉంటుంది కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

మూడో పని: చీటీ చదవండి

మన దగ్గర 2020 నాటి కాస్మెటిక్స్ నియమాల ప్రకారం తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడవలసిన గడువు, పదార్థాల పట్టిక చీటీ మీద ఉండాలి. అంగడిలో సంచుల్లో పోసి అమ్మే పౌడరుకూ, చీటీ లేని నూనెకూ ఇవేవీ ఉండవు. వాటిని చదవవలసిన పనే లేదు, బిడ్డకు వాడకండి.

అక్షరాలు చీమతలకాయంత ఉంటాయి. ఫోను కెమెరాతో ఫోటో తీసి పెద్దవి చేసి చూడండి. ఇంగ్లిషు చదవడం రాకపోతే ఇంట్లో బడికి వెళ్లే పిల్లలతో చదివించండి. వెతకవలసిన ముఖ్యమైన మాటలు మూడు: "ఫ్రాగ్రెన్స్", "పర్‌ఫ్యూమ్", "అరోమా". కొన్ని చీటీల మీద రెండోది "పి-ఎ-ఆర్-ఎఫ్-యు-ఎమ్" అని చివర ఇ లేకుండా ఉంటుంది. ఈ ఒక్క మాట వెనుక పదుల కొద్దీ రసాయనాలు ఉండవచ్చు. అవి వ్యాపార రహస్యాలు కాబట్టి కంపెనీలు విడివిడిగా రాయవు.

కొన్ని చీటీల మీద మాత్రం పట్టిక చివర విడిపేర్లు కనిపిస్తాయి: లినలూల్, లిమొనీన్, జెరానియోల్, సిట్రోనెల్లోల్, సిట్రల్, యూజినాల్, కౌమరిన్, బెంజైల్ శాలిసిలేట్, హెక్సైల్ సిన్నమాల్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్. ఇందులో కొన్ని మన వంటింటి బంధువులే. యూజినాల్ లవంగంలోది, లిమొనీన్ నారింజ తొక్కలోది. యూరప్‌లో ఇలాంటి 26 పదార్థాల పేర్లు విడిగా రాయాలన్న నియమం చాలాకాలంగా ఉంది. ఒంటి మీదే ఉండిపోయేవాటిలో 0.001 శాతం, కడిగేసేవాటిలో 0.01 శాతం దాటితే పేరు రాయాలి. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. పదివేలలో ఒక వంతు, లక్షలో ఒక వంతు మోతాదుకు ఇంత పట్టింపు ఎందుకంటే, అలర్జీ ఉన్నవారికి అది కూడా చాలు. అందుకే "పట్టికలో చివరన ఉంది కదా, కొంచెమే ఉంటుంది" అని సర్దుకోకండి. ఒక శాతం లోపు ఉన్నవాటిని ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు, సువాసన సాధారణంగా అక్కడే చేరుతుంది.

ఒక పేరు ప్రత్యేకంగా రాసిపెట్టుకోండి: బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనాల్. లిలియల్ అని కూడా అంటారు. మల్లె, లిల్లీ తరహా పూల వాసన కోసం కలిపేవారు. సంతాన సామర్థ్యానికి హాని చేస్తుందన్న వర్గీకరణతో యూరప్‌లో 2022 మార్చి 1 నుంచి దీన్ని నిషేధించారు. పాత సరుకులో కనిపిస్తే పక్కన పెట్టేయండి.

ఇక ముందు వైపు పెద్ద అక్షరాల సంగతి. "సెంట్ లేనిది" అన్న అర్థంలో రెండు మాటలు వాడతారు. "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" అంటే సువాసన కలపలేదని. "అన్‌సెంటెడ్" అంటే మీ ముక్కుకు వాసన రాదని మాత్రమే. ముడిసరుకు వాసనను అణచడానికి మరో సువాసన కలిపి ఉండవచ్చు. రెంటికీ వెనుక పట్టిక చూడక తప్పదు. బెంజైల్ ఆల్కహాల్ అనే సువాసన పదార్థం సరుకు పాడవకుండా నిల్వ ఉంచడానికి కూడా పనిచేస్తుంది కాబట్టి "ఫ్రాగ్రెన్స్ ఫ్రీ" వాటిలోనూ కనిపిస్తుంది. "హైపో అలర్జెనిక్", "చర్మ వైద్యులు పరీక్షించారు", "సహజం", "మూలికలతో" అన్న మాటలు ఏ పదార్థం లేదో చెప్పవు. వాటిని చూసి ధర ఎక్కువ పెట్టకండి.

నాలుగో పని: ఉండిపోయేవి, కడిగేసేవి విడదీయండి

అన్నింటినీ ఒకేసారి మార్చే స్తోమత అందరికీ ఉండదు. అందుకని ముందు ఒంటి మీద గంటల తరబడి ఉండిపోయేవాటిని తీసేయండి: లోషన్, నూనె, క్రీము, పౌడరు. తడి తుడుపు కాగితం కూడా ఈ గుంపులోదే. తుడిచాక నీళ్లతో కడగం కదా. దాని తడి లంగోటీ కింద, గాలి తగలని చోట, మూత్రం తడితో కలిసి నానుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్లు, మెత్తని నూలు గుడ్డ చాలు. ప్రయాణాలకు మాత్రమే సువాసన లేని కాగితాలు ఉంచుకోండి.

సబ్బు, షాంపూ కడిగేసేవి కాబట్టి రెండో వంతు. అయితే నల్లగొండ, దేవరకొండ వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఒక చిక్కుంది. గట్టి నీళ్లలో సబ్బు నురగ పట్టదు, తెల్లని పొరలా చర్మం మీద మిగిలిపోతుంది. వాసన కూడా దానితోపాటే మిగులుతుంది. భగీరథ నల్లా నీళ్లు వస్తుంటే బిడ్డ స్నానానికి అవే పట్టి ఉంచండి.

పౌడరు విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. సువాసన ఉన్నా లేకపోయినా పసిబిడ్డకు అక్కర్లేదు. పొడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మడతల్లో చెమటతో కలిసి ముద్దై రాపిడి పెడుతుంది. పౌడర్లలో వాడే టాల్క్ అనే ఖనిజపు పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో "బహుశా క్యాన్సర్ కారకం" వర్గంలో చేర్చింది. చెమటకాయలకు మందు చల్లదనం. తడిగుడ్డతో అద్ది ఆరబెట్టండి. వదులైన పాత నూలు చొక్కా వేయండి, గాలి తగలనివ్వండి. వాటంతట అవే పోతాయి.

ఐదో పని: మన ఇంటి వాసనలను కూడా అదే కళ్లతో చూడండి

ఇక్కడే నాకు ఎక్కువ గొడవ జరిగింది. సీసా మీద రసాయనం పేరుంటే ఇంట్లో అందరూ భయపడ్డారు. నలుగుపిండిని మాత్రం అనుమానించవద్దన్నారు. కానీ చర్మానికి ఫ్యాక్టరీ లిమొనీన్, నారింజ తొక్క లిమొనీన్ అని తేడా తెలియదు.

నలుగుపిండిలో పెసరపిండి, శనగపిండి పెద్ద చిక్కు కాదు. వాసన కోసం కలిపే గంధ కచ్చూరాలు, ఎండబెట్టిన కమలా తొక్కలు, గులాబీ రేకులను చూడాలి. అన్నింటికంటే ముఖ్యంగా బావంచాలు. ఆ గింజల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మానికి తగిలాక ఎండ సోకితే కాలినట్టు బొబ్బలెక్కి, నల్లని మచ్చలు నెలల తరబడి ఉంటాయి. బొల్లి వైద్యంలో వెలుతురుతో కలిపి వాడేది ఈ గుణాన్నే. నలుగు పెట్టి, నీళ్లు పోసి, బిడ్డను ఉదయపు ఎండలో పడుకోబెట్టే మన అలవాటుకు ఇది సరిగ్గా ఎదురు. నిమ్మరసంతోనూ ఇదే ప్రమాదం. పైగా నూగు పోవాలని పిండితో గట్టిగా రుద్దితే పలుచని పొర గీసుకుపోతుంది. నూగు తనంతట తాను రాలిపోతుంది. ఏడాది లోపు నలుగు మానడమే మంచిదని నా అభిప్రాయం.

సాంబ్రాణి ధూపం నీళ్లు పోశాక తప్పనిసరి అని మనవాళ్లు నమ్ముతారు. సాంబ్రాణి జిగురు స్వయంగా చర్మ అలర్జీ కలిగించగలది. పొగ పసి ఊపిరితిత్తులను మండిస్తుంది. మూసిన గదిలో నిప్పులు విషవాయువును వదులుతాయి. ఇప్పుడు దుకాణాల్లో దొరికే సాంబ్రాణి కప్పుల్లో వేరే సువాసనలు కూడా కలుపుతారు. ఆచారం వదలలేకపోతే దేవుడి గదిలో వేసి, తలుపులు తెరిచి, పొగ పోయాక బిడ్డను తీసుకురండి. తల ఆరడానికి పొడి తువాలు చాలు.

జలుబు చేస్తే కొబ్బరి నూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం ఇంకా ప్రమాదం. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలం ఉన్న బామ్‌లు, నూనెలు ఏవీ రాయకూడదు. ముక్కు దగ్గర పెడితే కొందరు పసివాళ్లకు ఊపిరి బిగుసుకుపోతుంది. పూజ గదిలోని కర్పూరం బిళ్లను బిడ్డ నోట్లో పెట్టుకొంటే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. గ్రాము కూడా ప్రాణాపాయమే. అలా జరిగితే వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోను చేయండి. కర్పూరం డబ్బాను మాత్రం ఈరోజే పై అరలోకి మార్చండి.

కలరా ఉండల మాట కూడా ఇక్కడే చెప్పాలి. పొత్తిళ్లకు మెత్తగా ఉంటాయని బీరువాలో నుంచి అమ్మమ్మ పాత నూలు చీరలు తీస్తాం. వాటికి పట్టిన నాఫ్తలీన్ ఆవిరి, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువుల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఆ లోపం ఉందో లేదో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. బిడ్డ బట్టలున్న బీరువాలో ఆ ఉండలు అసలు వద్దు. పాత చీరలను రెండుసార్లు ఉతికి, మంచి ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి.

ఆరో పని: వాడవలసిన కొద్దిపాటి వస్తువులు

పుట్టిన 24 గంటల దాకా స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తరువాత కూడా సబ్బు రోజూ ఒళ్లంతా పూయనవసరం లేదు. మెడ, చంకలు, గజ్జలు, లంగోటీ చోటు, అంతే. అది కూడా సువాసన లేని, మృదువైన ద్రవం కొద్దిగా. మిగిలిన ఒంటికి గోరువెచ్చని నీళ్లు.

మర్దనకు కొబ్బరి నూనె మేలు. ఆవనూనె, ఆలివ్ నూనె చర్మపు గోడను బలహీనపరుస్తాయి. నూనె కొనేటప్పుడు ఒక కిటుకు: వంటకు పనికివచ్చే కొబ్బరి నూనె మీద ఆకుపచ్చ చుక్క, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉంటాయి. అందులో పూల వాసన కలపరు. తలనూనెగా అమ్మే సీసాల్లో మల్లె, బాదం వాసనలు కలిసి ఉండవచ్చు. వనపర్తి, గద్వాల వైపు ఇంట్లో పల్లి నూనె సమృద్ధిగా ఉంటుంది, కానీ బిడ్డకు ఎగ్జిమా ఉంటే గానుగ పల్లి నూనె రాయకండి. పగిలిన చర్మం మీద పల్లి నూనె ఉన్న క్రీములు రాయడానికీ, తరువాత పల్లి అలర్జీ రావడానికీ సంబంధం ఉందని బ్రిటన్ పిల్లలపై జరిగి 2003లో వెలువడిన పరిశీలన చూపింది.

పొడిబారిన చోట, లంగోటీ రాసుకొనే చోట వాసన లేని తెల్లని పెట్రోలియం జెల్లీ. చవకైనది, అన్ని మెడికల్ షాపుల్లోనూ దొరుకుతుంది.

బట్టలకు వాసన తక్కువున్న సబ్బు, రెండుసార్లు మంచినీళ్లలో జాడింపు. సువాసన ద్రవం మానేయండి. మన ఎండకు మించి బట్టలకు ఏమీ అక్కర్లేదు.

ఏడో పని: కొత్తది ఏదైనా వారం పరీక్షించండి

రాత్రి రాసి పొద్దున చూస్తే తెలిసేది మంట మాత్రమే, అలర్జీ కాదు. కొత్త క్రీమును బిడ్డ మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత చోట, రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు వరుసగా రాయండి. అదే చోట రాయాలి, కడిగేయకూడదు. ఆ చెయ్యి నోట్లోకి పోకుండా చూసుకోండి. ఎరుపు, గరుకుదనం, దురద కనిపిస్తే అక్కడితో ఆపండి. ఈ వారంలో ఇంకే కొత్త వస్తువూ మొదలుపెట్టకండి, లేకపోతే దేని వల్లనో తెలియదు. సబ్బును మాత్రం ఇలా రాసి వదలకండి. వారం గడిచినా పూర్తి భరోసా రాదు, కానీ పెద్ద పొరపాట్లు ఇక్కడే దొరికిపోతాయి.

సీసాను ఎక్కడ పెడతారన్నది కూడా చూసుకోండి. లినలూల్, లిమొనీన్ తాజాగా ఉన్నప్పుడు అంత ప్రమాదం కావు. గాలి తగిలి పాతబడే కొద్దీ అలర్జీ కలిగించే శక్తి పెరుగుతుంది. వేడి ఆ మార్పును తొందరపెడుతుంది. 44, 45 డిగ్రీలు కాసే మన వేసవిలో రేకుల గదిలోనో కిటికీ గట్టు మీదో పెట్టిన సీసా కొన్ననాటి సీసా కాదు. చిన్న సీసా కొనండి, మూత బిగించండి, చల్లని చీకటి చోట పెట్టండి.

ఎనిమిదో పని: దద్దుర్లు వస్తే

సువాసన ఉన్నవన్నీ ఒకేసారి ఆపి రెండు వారాలు నీళ్లు, కొబ్బరి నూనె లేదా పెట్రోలియం జెల్లీతో గడపండి. రోజూ ఒకే వెలుతురులో ఫోటో తీసి పెట్టుకోండి. డాక్టరు గారికి మీ మాటల కంటే అవి బాగా చెబుతాయి. మెడికల్ షాపులో "దురద క్రీము" అడిగి కొనకండి. వాటిలో చాలావరకు బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పసి చర్మాన్ని ఇంకా పలుచన చేసి, ఒంట్లోకి కూడా చేరుతుంది. స్టెరాయిడ్ అవసరమైతే ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి.

ముఖం, పెదవులు వాచినా, ఊపిరి కష్టమైనా, జ్వరంతో పొక్కులు వచ్చినా, చీము పట్టినా, నెల లోపు బిడ్డకు నీటి బుడ్డలు వచ్చినా ఆ పూటే వెళ్లాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు, బీబీనగర్ ఎయిమ్స్ మనకు దగ్గర. మాటిమాటికీ వస్తుంటే చర్మ వైద్యులు ప్యాచ్ పరీక్ష చేసి ఏ పదార్థమో తేల్చగలరు. వీపుకు అంటించిన పట్టీలను రెండు రోజుల తరువాత తీసి, ఆపైన మరోసారి చూస్తారు. వెళ్లేటప్పుడు ఖాళీ సీసాలు కూడా తీసుకెళ్లండి, పారేయకండి. చీటీ లేని, గడువు దిద్దిన సరుకు అమ్మితే వినియోగదారుల సహాయ నంబరు 1915కి చెప్పవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లతో

"మీరు పెంచిన పద్ధతి తప్పు" అన్నట్టు వినిపిస్తే ఎవరూ ఒప్పుకోరు. ఆ మనసులో ఉన్నది బిడ్డ మీద ప్రేమే. నేను అత్తమ్మతో, "డాక్టరు గారు రెండు వారాలు ఆపమన్నారు అత్తమ్మా, ఆ తరువాత మీరే చూసి చెప్పండి" అన్నాను. నూనె మర్దన ఆవిడ చేతుల్లోనే ఉంచాను, నూనె మాత్రమే మార్చాను. చూడటానికి వచ్చే బంధువులు సెంటు కొట్టుకొని ఉంటే, వారి భుజం మీద ఉతికిన నూలు గుడ్డ వేసి బిడ్డను ఇచ్చాం. ఎవరూ నొచ్చుకోలేదు.

పన్నెండో రోజుకు మెడ గీత తెల్లబడింది. మూడో వారం నుంచి ఒక్కొక్క వస్తువునూ వారం చొప్పున పరీక్షించాం. తొమ్మిదింటిలో తిరిగి బిడ్డ దగ్గరకు వచ్చినవి సబ్బు, నూనె మాత్రమే, అవి కూడా సువాసన కలపని మరో రకాలు. మొదటి పుట్టినరోజుకు అత్తమ్మ స్వయంగా పెసరపిండి విసిరి తెచ్చి నా ముందు పెట్టారు. బావంచాలు కలపలేదని ఆవిడే చెప్పారు.